సెలవులు అమ్మబడును!

ఊరికే వచ్చేదాన్ని చూస్తే మా ఆవిడకి భయం. కూరలు కొన్నప్పుడు కొసరు కరివేపాకు వేసినవాణ్ణి కూడా "ఎందుకు వేస్తున్నావు నాయనా?" అని అడిగే మనిషి. కిందటి డిసెంబరులో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లాండోలో, బజారు మధ్య బల్ల వేసుకు కూర్చున్న ఒక అమ్మాయి మా పెద్దవాడి చేతిలో రెండు వినోదశాల టిక్కెట్లు ఊరికే పెడతానంటూంటే, ఆవిడ నా చెవిలో "ఏమండీ, వీళ్ళు మనకేమవుతారు?" అంది. ఆ ప్రశ్న అందరం కలిసి పైకే అడిగివుంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

మా వాడికి పక్క రాష్ట్రంలో ఉద్యోగం. పిల్లల బడికి క్రిస్మసు సెలవులిచ్చారని అందరం కారులో బయల్దేరి ఆర్లాండో చేరాం. వాడూ, కోడలూ, ఇద్దరు మనవలూ, మేమిద్దరం, మొత్తం ఆరుగురం. టిక్కెట్లకి షరతు చాలా చిన్నది. మర్నాడు పొద్దున్న ఒక విడిదికి వెళ్ళి, వాళ్ళు పెట్టే ఫలహారం తిని, తొంభై నిమిషాలు వాళ్ళు చెప్పేది వినాలి. భార్యాభర్తలిద్దరూ రావాలి. ఒక్కరే వస్తే టిక్కెట్లు లేవు. ఇద్దరూ ఎందుకు రావాలో అప్పుడు మాకు తట్టలేదు. "ఇంటికి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగి చెబుతాను" అనే పాతమందు అక్కడ పనిచెయ్యకుండా చూసుకోవటానికే ఆ ఏర్పాటు.

తొంభై నిమిషాలని లోపలికి వెళ్ళినవాళ్ళం బయటికి వచ్చేసరికి అయిదు గంటలు గడిచాయి. మా వాడి చేతిలో రెండు టిక్కెట్లూ, ఒక బరువైన సంచీ ఉన్నాయి. వాడి క్రెడిట్ కార్డు మీద 2,400 డాలర్లు పడ్డాయి. పదేళ్ళ అప్పు కూడా ఒకటి పడింది.

రసీదులు మిగిలాయి కదా!

ఆ హాల్లో ఏం జరిగిందో చెబుతాను. మా బల్ల దగ్గరికి వచ్చిన పెద్దమనిషి చేతులు జోడించి నమస్తే అన్నాడు. పిల్లల పేర్లు అడిగాడు. మా ఊరి సంగతి అడిగాడు. గోదావరి ఎంత వెడల్పుంటుందో కూడా అడిగాడు. ఆ తర్వాత కాగితం తీసి, "మీరు సెలవులకి ఏటా ఎంత ఖర్చు పెడతారు?" అన్నాడు. మా వాడు మూడు వేల డాలర్లన్నాడు. ఆయన దాన్ని ముప్ఫైతో గుణించి, 90,000 అని పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాడు.

"ముప్ఫై ఏళ్ళ తర్వాత మీకు మిగిలేదేమిటి సార్? హోటలు రసీదులు!"

నేను ముప్ఫై ఏళ్ళు సహకార బ్యాంకులో చిట్టా ఆవర్జాలు రాసినవాణ్ణి. అయినా ఆ మాటకి నాకూ గుండె కలుక్కుమంది. అద్దె ఇళ్ళల్లో గడిపిన రోజులు గుర్తొస్తే ఎవరికి మాత్రం కలుక్కుమనదు?

తర్వాత ఇల్లు చూపించారు. రెండు పడకగదులు, ఒక హాలు, బట్టలుతికే యంత్రం, అన్నింటికీ మించి నాలుగు పొయ్యిలున్న వంటిల్లు. అంతదాకా అనుమానంగానే నడుస్తున్న మా ఆవిడ ఆ వంటిల్లు చూసి, "ఇక్కడయితే చారు పెట్టుకోవచ్చు" అంది. మా వాడు ఆ మాట విన్నాడు. ఇది నిజంగానే ఈ విడుదుల్లో ఉన్న సుఖం. మామూలు హోటలు గదిలో ఆరుగురు సర్దుకుని, పూటపూటా బయట తిండి తినేకంటే, ఇల్లులాంటి చోట వారం రోజులుండటం హాయి. ఆ హాయికి ఎంత వెల కడుతున్నామన్నదే ప్రశ్న.

మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాం. ఏడాదికి 12,000 పాయింట్లు, ధర 36,000 డాలర్లు అన్నారు. మా వాడు తల అడ్డంగా ఊపాడు. ఆయన వెళ్ళి మేనేజరుని తీసుకొచ్చాడు. మేనేజరు ఏదో పెద్ద త్యాగం చేస్తున్నవాడిలాగా నిట్టూర్చి, 24,000 డాలర్లకి ఇస్తానన్నాడు. "కాని ఈ ధర ఈ రోజుకే. మీరు ఈ గుమ్మం దాటితే ఉండదు" అన్నాడు. అంత తగ్గించాడే అని మా వాడి ముఖం వికసించింది. అప్పుడు పాయింట్లు 8,000 అన్నమాట వాడు సరిగా పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. పన్నెండు వేలకి ముప్ఫై ఆరు వేలయినా, ఎనిమిది వేలకి ఇరవై నాలుగు వేలయినా, పాయింటు మూడు డాలర్లే. తగ్గింది ధర కాదు, సరుకు.

సంతకాలయ్యాయి. గంట మోగించారు. హాలంతా చప్పట్లు కొట్టారు. మా మనవరాలు కూడా కొట్టింది.

పాయింటంటే ఏమిటి?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆ సంచీలోని దస్త్రం విప్పి కూర్చున్నాను. పాత అలవాటు. నా వెనకాలే కోడలు కూడా వచ్చి కూర్చుంది. "మావయ్యగారూ, నాకూ నిద్ర రావటం లేదు" అంది. ఇద్దరం కలిసి చదివాం. అందులో తెలిసినదీ, ఆ తర్వాత వాకబు చేసి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఈ వ్యాపారం మొదట పాయింట్లతో పుట్టలేదు, వంతులతో పుట్టింది. మన దేవాలయాల్లో అర్చకుల కుటుంబాలు పూజ వంతులు పంచుకోవటం మనకి తెలుసు. పెద్దవారి శాఖకి కొన్ని నెలలు, చిన్నవారి శాఖకి కొన్ని నెలలు. గుడి ఒక్కటే, దానిలో కాలం పంచుకుంటారు. 1960 దశకంలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో, మంచు మీద జారే ఆటలాడుకునేవారి విడిది ఇళ్ళని ఇలాగే వారాల లెక్కన అమ్మటం మొదలుపెట్టారు. ఒక ఇంటికి ఏడాదికి యాభై రెండు వారాలు. ఒక్కొక్క వారం ఒక్కొక్కరిది. ఫలానా వారం నీదంటే ఏటా అదే వారం, అదే ఇల్లు.

అయితే మనిషికి ఏటా అదే వారం సెలవు దొరకదు. ఏటా అదే కొండ చూడబుద్ధీ కాదు. అందుకని 1974లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో డిహాన్ దంపతులు ఆర్.సి.ఐ. అనే సంస్థ పెట్టారు. నీ వారం నాకిచ్చి, నా వారం నువ్వు తీసుకునే మారకపు వ్యాపారం అది. దానికి రుసుము వేరే. అయినా చిక్కు తీరలేదు. పండగ వారం ఉన్నవాడు వానాకాలపు వారంతో మారకానికి ఒప్పుకోడు కదా.

ఆ చిక్కుకి విరుగుడు పాయింటు. స్విట్జర్లాండులో 1963లో పుట్టిన హపీమాగ్ అనే సంస్థ ఆనాడే ఈ దారి తొక్కింది. అందులో సభ్యులు వాటా కొంటారు, వాటాకి ఏటా ఇన్ని పాయింట్లని వస్తాయి, ఆ పాయింట్లిచ్చి ఏ ఊరి విడిదిలోనైనా ఉండవచ్చు. అమెరికాలో డిస్నీ సంస్థ 1991లో ఇదే ఆర్లాండోలో పాయింట్ల సభ్యత్వం మొదలుపెట్టింది. తర్వాత పెద్ద హోటలు సంస్థలు ఒక్కొక్కటే వారాలు మాని పాయింట్ల బాట పట్టాయి.

పాయింటు అంటే ఏమిటో కోడలికి నేను ఇలా చెప్పాను. నేను బెజవాడలో చదువుకునే రోజుల్లో మెస్సులో నెలకి సరిపడా భోజనం టిక్కెట్ల పుస్తకం అమ్మేవారు. మామూలు భోజనానికి ఒక టిక్కెట్టు. ఆదివారం స్పెషల్‌కి రెండు. చుట్టాన్ని తీసుకెళితే అతనికీ మన పుస్తకంలోనిదే చింపాలి. నెల దాటితే మిగిలిన టిక్కెట్లు చెల్లవు. ఏ భోజనానికి ఎన్ని టిక్కెట్లన్నది మెస్సు యజమాని గోడమీద అంటించిన కాగితంలో ఉండేది. పాయింట్లు ఆ టిక్కెట్లు. గోడమీద కాగితం ఆ సంస్థవారి పట్టిక.

ఆ పట్టికలో అయిదు సంగతులుంటాయి. ఏ ఊరు, ఏ రుతువు, వారంలో ఏ రోజు, ఎంత పెద్ద ఇల్లు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది. శుక్ర శనివారాలు మామూలు రోజులకంటే ఎక్కువ. సముద్రం కనిపించే గదికి, కార్లు నిలిపే స్థలం కనిపించే గదికంటే ఎక్కువ. బడులున్న రోజుల్లో తక్కువ, బడులు మూసిన రోజుల్లో ఎక్కువ.

ఆ ఏటి పాయింట్లు వాడుకోకపోతే గడువులోగా చెప్పి పై ఏడాదికి నిలవ వేసుకోవచ్చు. చాలకపోతే పై ఏటి పాయింట్లు ముందుగా అప్పు తెచ్చుకోవచ్చు. చాలా సంస్థల్లో ఈ రెండు సదుపాయాలూ ఉంటాయి. గడువు మరిచిపోతే మాత్రం పాయింట్లు మురిగిపోతాయి. పాయింట్లున్నంతమాత్రాన గది దొరుకుతుందని కూడా లేదు. డిస్నీ సభ్యత్వంలో మనం కొన్న విడిదికి పదకొండు నెలల ముందునుంచీ, మిగతా విడుదులకి ఏడు నెలల ముందునుంచీ గదులు రాసుకోవచ్చు. మంచి వారాలు ఆ తలుపు తెరిచిన కొద్ది కాలానికే అయిపోతాయి. సంక్రాంతికి రైలు రిజర్వేషను చేయించినవారికి ఈ సంగతి వివరంగా చెప్పనక్కరలేదు.

పట్టికలో మా వారం

"రెండు వారాలు హాయిగా ఉండవచ్చు" అని హాల్లో ఆ పెద్దమనిషి చెప్పాడు. అబద్ధం చెప్పలేదు. పట్టికలో సెప్టెంబరు నెలలో ఒక్క పడకగది ఇంటికి వారానికి 4,000 పాయింట్లు. మా వాడికున్న 8,000తో రెండు వారాలు వస్తాయి. కాని సెప్టెంబరులో పిల్లలకి బడి. మేము ఆరుగురం ఒక్క పడకగదిలో పట్టం.

కోడలు పెన్సిలు తీసి, పిల్లల బడి సెలవుల పట్టీ పక్కన పెట్టుకుని, రెండు పడకగదుల వరసలో వేలుపెట్టి చూసింది. జూన్, జూలై నెలల్లో వారానికి 11,000. వసంతకాలపు సెలవుల్లో 12,000. క్రిస్మసు వారంలో 14,000. అంటే రాత్రికి రెండు వేలు. మా 8,000 పాయింట్లకి క్రిస్మసులో వచ్చేది నాలుగు రాత్రులు.

"పిల్లలున్నవాళ్ళు కొనేది ఎప్పుడూ ఆదివారం భోజనమే కదండీ మావయ్యగారూ" అంది కోడలు. ఆ ఒక్కమాటతో దస్త్రం సారాంశమంతా చెప్పేసింది.

ఇక నేను లెక్క వేశాను. బయానా 2,400 పోగా అప్పు 21,600. వడ్డీ నూటికి పదిహేను. పదేళ్ళ కిస్తీ నెలకి సుమారు 348 డాలర్లు. పదేళ్ళకి కిస్తీలు 41,800 చిల్లర. బయానాతో కలిపి 44,200 పైమాట. అంటే ఇరవై నాలుగు వేల సరుకుకి నలభై నాలుగు వేలు.

అక్కడితో అయిపోలేదు. ఏటా నిర్వహణ రుసుము 1,200 డాలర్లు. మీరు వెళ్ళినా, వెళ్ళకపోయినా కట్టాలి. అప్పు తీరినా దీనికి తీరటం ఉండదు. పైగా ఇది ఏటా పెరుగుతుందని దస్త్రంలోనే ఉంది. ఎంత పెరుగుతుందో లేదు. ఏటా నూటికి అయిదు చొప్పున అనుకుంటే పదేళ్ళలో కట్టేది 15,100 దగ్గర పడుతుంది. ఇరవయ్యో ఏడు కట్టవలసిన రుసుము 3,000 దాటుతుంది.

మొత్తం కలిపితే పదేళ్ళలో 59,300 డాలర్లు. ఏడాదికి 5,930. దీనికి వచ్చేది క్రిస్మసులో నాలుగు రాత్రులు. రాత్రికి 1,480 డాలర్లు! అదే విడిదిలో, అదే రెండు పడకగదుల ఇల్లు, అదే క్రిస్మసు వారానికి బయటివాళ్ళకి అద్దెకి ఎంతకిస్తున్నారో కోడలు ఫోనులో చూసింది. రాత్రికి 450. కొందరు సభ్యులే వాడుకోలేని తమ పాయింట్లతో గదులు తీసుకుని అద్దెకిస్తున్నారు.

న్యాయం చెప్పాలి. పదకొండో ఏట అప్పు తీరిపోతుంది. అప్పటినుంచి రుసుము ఒక్కటే, ఆ ఏడాదికి రెండువేలకి కాస్త తక్కువ. నాలుగు రాత్రులకి పంచితే రాత్రికి 490. ఈలోగా హోటలు అద్దెలూ పెరుగుతాయి కాబట్టి అప్పుడు కొంత గిట్టుబాటు కావచ్చు. కాని మొదటి పదేళ్ళలో పోయినదాన్ని పూడ్చుకోవటానికి ఎన్నేళ్ళు పడుతుందో నేను ఆ కాగితం మీద తేల్చలేకపోయాను. అప్పటికి మనవలకి పెళ్ళీడు వస్తుంది.

"పోనీ అమ్మేస్తే?" అంది కోడలు. ఇలాంటి సభ్యత్వాలు చెయ్యి మారే బజారు చూశాం. వేలకి వేలు పోసి కొన్నవాటిని ఒక్క డాలరుకి ఇస్తాం, తీసుకోండని ప్రకటించినవాళ్ళున్నారు. ఏటా కట్టే రుసుము భారం వదిలితే చాలునని. డిస్నీలాంటి కొన్నింటికి మారుబేరంలో విలువ కొంత నిలబడుతుంది. చాలావాటికి నిలబడదు. అదీగాక మారుబేరంలో కొన్న పాయింట్లకి కొన్ని సదుపాయాలు ఉండవని సంస్థలు నిబంధనలు పెడతాయి. దాంతో అవి మరీ చవకవుతాయి. మా దస్త్రంలోనే ఒక మూల, ఇది లాభం కోసం కొనేది కాదు, స్వంత వాడకానికే అని రాసి, దానికింద మా వాడిచేత పొడి అక్షరాలు పెట్టించారు. హాల్లో నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి. రేపు గొడవ వస్తే నిలబడేది కాగితమే.

గడువు సంగతి కూడా చూడాలి. డిస్నీ తొలి విడిదిలో అమ్మిన సభ్యత్వాలకి 2042 జనవరి నెలాఖరుతో గడువు తీరుతుంది. కొందరు అదనంగా సొమ్ము కట్టి 2057 దాకా పొడిగించుకున్నారు. కొన్ని సంస్థలు అమ్మేవాటికి గడువే ఉండదు. హక్కు పిల్లలకి వస్తుందని చెప్పి అమ్ముతారు. హక్కు వస్తే దాని వెనక రుసుమూ వస్తుంది.

పది రోజులు

తెల్లవారగట్ల నాకు అసలు పేజీ దొరికింది. మా వాడి సంతకానికి సరిగ్గా పైన, లావుపాటి అక్షరాలతో ఉంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం, సంతకం పెట్టిన రోజునుంచి గాని, ఇవ్వవలసిన కాగితాలన్నీ చేతికందిన రోజునుంచి గాని, ఏది తర్వాతయితే అక్కణ్ణుంచి, పది రోజుల్లోగా ఏ కారణమూ చెప్పకుండా ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆ హక్కు వదులుకుంటున్నానని మనం రాసిచ్చినా అది చెల్లదు. చదవవలసినవాడు చదివే దాకా ఆ అక్షరాలు లావుగా ఉండి ఏం లాభం?

పొద్దున్న కాఫీ దగ్గర మా వాడికి లెక్క చూపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "సంతకం పెట్టి వెనక్కి తగ్గటమేమిటి నాన్నా? మాట తప్పినట్టు కాదూ?" అన్నాడు.

వాడి పెంపకంలో ఆ మాట నేను నేర్పినదే. నాకు వెంటనే జవాబు తోచలేదు. కాసేపాగి, "నువ్వు మాట ఇచ్చింది కాగితం మీద కదురా. ఆ కాగితమే నీకు పది రోజులు ఆలోచించుకోమని చెబుతోంది. గడువులోగా తిరగగొడితే మాట తప్పినట్టు కాదు, కాగితం చదివినట్టు" అన్నాను.

"అదికాదు నాన్నా. ఇలా ఒకటుంటే మీరిద్దరూ ఏటా వస్తారని..."

వాడు మిగతాది చెప్పలేదు. వాడికి ఆ వంటింట్లో వాళ్ళమ్మ అన్నమాట గుర్తుంది. సెలవుల కోసం కాదు, మా కోసం పెట్టాడు ఆ సంతకం. ఆ హాల్లో మా బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఆ సంగతి మాకంటే ముందే పసిగట్టాడు.

మా ఆవిడ వాడి తలమీద చెయ్యివేసి, "మేము రావటానికి ఓపిక ఉండాలిగాని పాయింట్లెందుకురా! వచ్చినప్పుడు మీ ఇంట్లోనే చారు పెట్టుకుంటాం" అంది.

ఇంటికి చేరుకున్నాక మా వాడు ఉత్తరం రాశాడు. నాలుగే వాక్యాలు. ఫలానా తేదీన, ఫలానా నంబరు ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, కట్టిన సొమ్ము తిరిగి పంపండి. భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేశారు. ఫోనులో చెప్పటం పనికిరాదు, రాతపూర్వకంగానే ఉండాలి. దస్త్రంలో రద్దు ఉత్తరాలకని ప్రత్యేకంగా ఇచ్చిన చిరునామాకే పంపాలి. పోస్టాఫీసులో రశీదుతో, అందినట్టు సంతకం తెచ్చే పద్ధతిలో ఆరో రోజున పంపాం. పోస్టు ముద్రపడ్డ తేదీయే లెక్క. మర్నాటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంకా తక్కువకి ఇస్తామన్నారు, బహుమతి ఇస్తామన్నారు. మా వాడు వినయంగా "ఉత్తరం చూడండి" అన్నాడు. మూడు వారాలు తిరక్కుండా 2,400 డాలర్లు కార్డుకి జమ పడ్డాయి.

పది రోజులు దాటివుంటే? అప్పుడు ఆ దారి మూసుకుపోయేది. ఆ దశలో చిక్కినవాళ్ళ కోసం ఇంకో రకం వలలున్నాయి. "మీ సభ్యత్వం కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, ముందుగా ఇంత రుసుము కట్టండి" అని ఫోన్లు వస్తాయి. కడతారు, కొనేవాడు కనిపించడు. ముందు డబ్బు అడిగేవాణ్ణి నమ్మవద్దని అమెరికాలో వాణిజ్య వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థే హెచ్చరిస్తూ వచ్చింది.

మన దగ్గర

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకని అనుకోకండి. మన దేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లోనూ, మహీంద్రా హాలిడేస్ 1996లోనూ మొదలయ్యాయి. కొడైకెనాల్ అనీ, కూర్గ్ అనీ, గోవా అనీ విడుదులు కట్టారు. మహీంద్రావారి 25 ఏళ్ళ సభ్యత్వంలో ఏడాదిని ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు రంగులుగా విభజించారు. ఊదా అన్నిటికంటే ఖరీదు, నీలం చవక. పాయింట్లని అనకపోయినా గోడమీద కాగితం కాగితమే. బడి సెలవులు ఏ రంగులో పడతాయో చూసుకోవాలి. ఏటా రుసుమూ, దానిమీద జి.ఎస్.టి. ఉండనే ఉన్నాయి. హైదరాబాదు, విశాఖపట్నం దుకాణ సముదాయాల్లో చీటీ రాసి పెట్టెలో వేసినవారికి "మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ రండి" అని ఫోను వస్తే, ఆ హాలు ఆర్లాండో హాలుకి చెల్లెలని గ్రహించండి.

ఒక్క తేడా ఉంది. ఫ్లోరిడాలో పది రోజులు. యూరపులో 2008 నాటి ఉత్తర్వు ప్రకారం పద్నాలుగు రోజులు, పైగా ఆ గడువు తీరేదాకా బయానా పుచ్చుకోకూడదు. మన దేశంలో ఈ వ్యాపారానికంటూ ప్రత్యేక చట్టం లేదు. కొన్ని సంస్థలు ఒప్పందంలో తామే కొద్దిరోజుల గడువు ఇస్తాయి. ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. మోసం జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సంస్థ ఏ నగరంలో ఉన్నా మీరు కాపురముంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. రెండేళ్ళలోగా చెయ్యాలి. 1915 నంబరుకి ఫోను చేస్తే దారి చెబుతారు.

ఈ సభ్యత్వాలతో సుఖపడేవారు లేరని అనను. హైదరాబాదులో మా తోడల్లుడున్నాడు. రిటైరయ్యాక రొక్కమిచ్చి సభ్యత్వం కొన్నాడు. అప్పు లేదు. బడి పిల్లల బెడద లేదు. వానాకాలంలో, జనం లేని రోజుల్లో దంపతులిద్దరూ కూర్గ్ వెళతారు. ఎప్పుడు తలుపు తెరుస్తారో కేలండరు మీద ఎర్రసిరాతో రాసుకుని, ఆ పొద్దున్నే గది రాసుకుంటాడు. ఆయనకి గిట్టింది. అప్పు చేసి, పిల్లల సెలవుల్లోనే వెళ్ళవలసిన మా వాడికి గిట్టదు. సరుకు ఒకటే, కొనేవాళ్ళు వేరు.

కాబట్టి ఎవరైనా మిమ్మల్ని ఫలహారానికి పిలిస్తే, వెళ్ళవద్దనను. వెళ్ళి నాలుగు సంగతులు అడగండి. నేను నిజంగా వెళ్ళగలిగే వారానికి, నా కుటుంబానికి సరిపోయే ఇంటికి పట్టికలో ఎన్ని పాయింట్లు? అసలూ, వడ్డీ, ఏటా రుసుమూ కలిపి పదేళ్ళలో ఎంత? అదే గది బయట అద్దెకి ఎంత? వదిలించుకోవాలంటే దారేది, ఎన్నాళ్ళలోగా? ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద చూపించమనండి. "ఈ రోజుకే" అన్నారా, ఆ ఒక్క మాటకే లేచి వచ్చేయండి. మంచి బేరం మర్నాటికి చెడిపోదు.

ఇంతకీ ఆ రెండు టిక్కెట్లు ఏమయ్యాయంటారా? వాళ్ళు తిరిగి అడగలేదు. మనవలిద్దరూ వాటితో లోపలికి వెళ్ళారు. పిల్లల్ని ఒంటరిగా పంపలేం కదా, మా వాడికీ కోడలికీ గుమ్మం దగ్గర నిండు ధరకి ఇంకో రెండు టిక్కెట్లు కొన్నాం. నేనూ, మా ఆవిడా బయట బెంచీ మీద కూర్చున్నాం.

"నేను అడగనే అడిగాను కదండీ, వీళ్ళు మనకేమవుతారని" అంది మా ఆవిడ.